బుగ్గ మీద సగం చుక్క

2022లో నా వర్క్‌షాప్ సింగపూర్‌లోని టోవా పాయోలో ఒక ఇండస్ట్రియల్ బిల్డింగ్ ఐదో అంతస్తులో ఉండేది. పాత ఆయిల్ పెయింటింగులను శుభ్రం చేసి, చిరుగులు అతికించి, రంగు రాలిపోకుండా చూడటం నా పని. దీన్ని కన్సర్వేషన్ అంటారు. ఇక్కడి తేమకు కాన్వాసులు బూజు పట్టడం మామూలే కాబట్టి పనికి కొదవ ఉండదు.

ఆ ఏడాది వానల్లో రఘురాంగారు ఒక చిత్రం తెచ్చారు. ఆయనది కాకినాడ, చాంగీ బిజినెస్ పార్క్‌లో బ్యాంకు ఉద్యోగం. చిత్రం పంతొమ్మిదో శతాబ్దపు ఫ్రెంచివాళ్ళది. కాన్వాసు వెనక పారిస్ దుకాణం ముద్ర ఉంది కానీ సంతకం చదవడానికి వీల్లేదు. నల్ల గౌను వేసుకున్న తల్లి కుర్చీలో కూర్చుంది. ఆరేళ్ళ కూతురు ఆమె భుజానికి ఆనుకుని మనవైపు చూస్తోంది. తల్లి మాత్రం కూతురినే చూస్తోంది. ఊరు విడిచి వెళ్తున్న ఒక ఫ్రెంచి కుటుంబం దగ్గర ఆయన భార్య సుమతి ముచ్చటపడి కొన్నదట. ఆమె పోయి అప్పటికి ఏడాది.

“తనున్నప్పుడే శుభ్రం చేయిద్దామనేదండి. నాకే తీరిక కుదిరేది కాదు” అన్నారాయన.

పైపూతగా వేసిన వార్నిష్ పసుపుపచ్చగా మారింది. ద్రావకంలో తడిపిన దూదితో దాన్ని అంగుళం అంగుళం తీయాలి. కూతురి ఎడమ బుగ్గ మీద చిన్న నల్ల మచ్చ కనిపించింది. పాత చిత్రాల మీద ఈగలు వేసిన మచ్చలు ఉంటూనే ఉంటాయి. ఇదీ అదేననుకుని రిపోర్టులో అలాగే రాశాను. మూడో రోజు దాని మీద దూది తిప్పాను. ఈగ మచ్చ గట్టిగా ఉంటుంది, గీకితే తప్ప రాదు. ఇది జిడ్డుగా, మసిలా దూదికి అంటింది. చెయ్యి ఆపి మైక్రోస్కోపులో చూశాను.

కాటుక. వార్నిష్ మీద వేలికొసతో గుండ్రంగా పెట్టిన దిష్టిచుక్క. సగం అప్పటికే నా దూదిలోకి వచ్చేసింది.

నేనూ గోదావరి జిల్లా పిల్లనే. మా అమ్మ చేత ఎన్నిసార్లు పెట్టించుకున్నానో లెక్కలేదు. అయినా పోల్చుకోలేకపోయాను.

వెంటనే రఘురాంగారికి ఫోన్ చేసి జరిగింది జరిగినట్టు చెప్పాను. చిత్రం మీద చుక్క సంగతి తనకు తెలియదనీ, తమ పాపకు మాత్రం పదేళ్ళొచ్చినా సుమతి పెట్టడం మానలేదనీ ఆయన చెప్పి, శనివారం వస్తామన్నారు.

పన్నెండేళ్ళ కూతురు మైథిలిని వెంటబెట్టుకుని వచ్చారు. వార్నిష్ తీస్తే మిగిలిన సగం చుక్క కూడా పోతుందనీ, తీయకపోతే అక్కడ ఆవగింజంత పసుపు మరక ఉండిపోతుందనీ వివరించాను. ఎవరో తర్వాత చేర్చినదాన్ని మేం మామూలుగా తీసేస్తామని కూడా చెప్పాను. ఆయన కూతురి వైపు చూశారు. ఆ పిల్ల భూతద్దం పట్టుకుని చాలాసేపు చూసింది.

“అమ్మ ఈ గర్ల్‌కి కూడా పెట్టిందా?”

“పెట్టిందమ్మా. నేనే చూసుకోకుండా సగం తుడిచేశాను. తప్పు నాదే.”

“నేనైతే ఎవ్రీడే ఫుల్‌గా తుడిచేసేదాన్ని, ఆంటీ. స్కూల్‌కి వెళ్ళేటప్పుడు, లిఫ్ట్‌లోనే. అమ్మకి తెలీదు.” భూతద్దం బల్ల మీద పెట్టి, “ఇది మాత్రం డోంట్ వైప్ లా” అంది, సింగపూర్ పిల్లల యాసలో.

రఘురాంగారు ఉంచెయ్యమన్నట్టు నాకు తలూపారు.

ఆ దూది పారేశారా అని మైథిలి అడిగింది. చిన్న గాజుసీసాలో దాచి ఉంచాను, తీసి ఇచ్చాను. మూత విప్పి వాసన చూసింది. ద్రావకం వాసన తప్ప ఏమీ రాలేదని ఆ పిల్ల ముఖం చూస్తేనే తెలిసింది. అయినా సీసా బ్యాగులో పెట్టుకుంది.

మిగతా చిత్రమంతా తేటపడింది. తల్లి మెడ దగ్గర లేసు, ఆమె కళ్ళ కింద అలసట బయటికొచ్చాయి. బుగ్గ మీద మాత్రం సగం చుక్కను దాని కింది వార్నిష్‌తో సహా వదిలేశాను. రిపోర్టులో ‘ఈగ మచ్చ’ కొట్టేసి, ‘కాటుక, ఇంటి ఇల్లాలు పెట్టినది, కుటుంబం కోరిక మేరకు ఉంచాం’ అని రాశాను.

అంతవరకూ చిత్రం ఏ కాలానిది, ఏ రంగులు వాడారు అన్నవే నా మొదటి ప్రశ్నలు. ఇప్పుడు ఎవరేం తెచ్చినా, ఇంట్లో అది ఎక్కడ ఉండేది, దాని ముందు ఎక్కువగా ఎవరు నిలబడేవారు అని ముందుగా అడుగుతున్నాను. వాళ్ళు చెప్పేదాకా దూది తడపను.