దానయ్య పెట్టిన మాస్కు పరీక్ష

దానయ్యకు నవ్వు తక్కువ, కోపం ఎక్కువ. పదహారో ఏట కారంపూడి అవతల సున్నపురాయి క్వారీలో కూలికి చేరాడు. అక్కడ బండ పగలడానికి తూటాలు పేల్చేముందు మేస్త్రీ పేర్లు పిలిచేవాడు. గట్టెక్కిన ప్రతి మనిషీ తన పేరుకు తానే పలకాలి. ఒకసారి దానయ్య తమ్ముడు కొండలు పేరుకు పక్కవాడెవడో "ఆఁ" అన్నాడు. కొండలు అప్పటికింకా గుంటలోనే ఉన్నాడు.

క్వారీ మూతబడి నీళ్లతో నిండింది. అరవై అడుగుల లోతు. ఆ నీళ్లను పరిశోధించడానికి వచ్చిన ఒక యూనివర్సిటీ వాళ్లు, మంచి ఈతగాడని దానయ్యకు డైవింగ్ నేర్పించి, తమ స్టూడెంట్ల భద్రత చూసుకోమన్నారు. పదేళ్లుగా చూస్తున్నాడు. నేను వాళ్ల వ్యాను డ్రైవర్ని.

మొన్న ఫిబ్రవరిలో ప్రొఫెసర్ గోపాలకృష్ణయ్య కొత్త బ్యాచ్‌తో వచ్చారు. చేతిలో ట్రైనింగ్ కాగితం. ఛాతీలోతు నీళ్లలో మునిగి మాస్కు తీసి, నోట్లో సిలిండర్ గొట్టంతోనే ఊపిరి పీలుస్తూ మళ్లీ పెట్టుకోవాలి. అది వస్తేనే లోతుకు పంపాలి. అందరికీ వచ్చినట్టు టిక్కులున్నాయి, ఎవరికి వాళ్లు పెట్టాల్సినవి అన్నీ ఒకే చేత్తో పెట్టినవి. చూడగానే నాకు ఒళ్లు మండింది.

దానయ్య ఒక్కొక్కరినీ పేరు పిలిచి, పరీక్ష చేశారా అని అడిగాడు. ముందువాళ్లంతా చేశామన్నారు. శ్రీదుర్గ పేరు రాగానే ఆమె పక్కనున్న స్టూడెంటు గోపీనాథ్ అందుకున్నాడు.

"చేసింది బాబాయ్."

"ఆ పిల్లకి నోరు లేదా ఏంది? నువ్వెందుకు పలుకుతున్నావురా?"

శ్రీదుర్గ తల వంచుకుంది. "చెయ్యలేదు బాబాయ్. ఇయ్యాల దిగకపోతే ప్రాజెక్టులోంచి తీసేస్తామన్నారు."

"సిలిండర్లు మోయడానికొచ్చావు, మోసి ఊరుకో దానయ్యా" అన్నారు ప్రొఫెసర్. అంత చదువు చదివిన నోటి మాట అది!

"మోస్తాలే సారూ. ముందు ఈడ చెయ్యనీ."

దానయ్య చెయ్యి పట్టుకుని ఆమెను ఛాతీలోతుకు దించాడు. మునిగి మాస్కు తీసింది. రెండో ఊపిరికే ముక్కులోకి నీళ్లెక్కాయి. గొట్టం ఉమ్మేసి, అతని మెడ పట్టుకుని పైకి ఎగబాకి, గట్టుమీద వాంతి చేసుకుంది. అరవై అడుగుల కింద అయితే ఆ పిల్ల శవమే పైకొచ్చేది.

ప్రొఫెసర్ వాచీ చూసుకున్నారు. "మాస్కు తీసింది కదా, చేసినట్టే. దిగమను."

దానయ్య థూ అని ఉమ్మి, సిలిండర్లన్నీ ఎత్తి వ్యానులో పెట్టేశాడు. "నన్ను పనిలోంచి తీసేత్తావా? తీసెయ్. ఈ పిల్ల మాత్రం దిగదు."

శ్రీదుర్గ మూతి తుడుచుకుని లేచింది. ప్రొఫెసర్ చేతిలో కాగితమూ పెన్నూ లాక్కుని, తన పేరు పక్కనున్న టిక్కు కొట్టేసింది. తర్వాత తన పేరే కొట్టేసింది. మిగతావాళ్లకు పెన్ను చూపించి, "నిజం చెప్పండి, ఇంకెవరు చెయ్యలేదు?" అంది.

పెన్ను కోసం ముందుగా చెయ్యి చాపింది గోపీనాథ్.