పాస్‌వర్డ్ అడగని ప్యాకేజీ

ఈశ్వరి ఎమ్మిగనూరులో మగ్గాల ఇంట పుట్టిన పిల్ల. చదువయ్యాక ఆదోనిలో అన్న మధుసూదన్ నడిపే కంప్యూటర్ షాపులోనే చేరింది. అన్న మిషన్లు బాగుచేస్తే, ఆమె ప్రోగ్రాములు రాసేది. చీరల అంచుల కోసం గళ్ల కాగితం మీద చుక్కలు పెట్టీ పెట్టీ చూపు మందగించిన తండ్రిని చూస్తూ పెరిగింది. అందుకే ఆ చుక్కలు తెర మీదే పెట్టుకునే ప్రోగ్రాం ఒకటి తయారుచేసింది.

దాన్ని నేతగాళ్ల ఇళ్లకు చేర్చడంలో ఆమెదొక పట్టుదల. ప్రోగ్రాం, తెలుగు ఫాంటు, ప్రింటర్‌కు కావలసిన భాగం అన్నీ ఒకే ప్యాకేజీగా పెన్‌డ్రైవ్‌లో ఉండాలి. ఒకసారి నొక్కితే కంప్యూటర్ మొత్తానికీ ఎక్కిపోవాలి. సుబ్బమ్మ ఇంటికి పోయేదాకా అది బాగానే నడిచింది.

సుబ్బమ్మ ఎమ్మిగనూరులో ఈశ్వరి వాళ్ల ఇంటి వీధిలోనే నేత నేస్తుంది. భర్త రాఘవేంద్ర కిందటేడు గుండెపోటుతో పోయాడు. కంప్యూటర్ ఆయనదే, అందులో ఆయన చీరల అంచులు గీసుకునేవాడు. భార్యకు వేరే లాగిన్ పెట్టి, చదువు రాని ఆమెకు బొమ్మల గుర్తులతో అన్నీ నేర్పించాడు.

ఈశ్వరి పెన్‌డ్రైవ్ పెట్టి నొక్కగానే, కంప్యూటర్ మొత్తానికీ ఎక్కించాలంటే కావాలని తెర అడ్మిన్ పాస్‌వర్డ్ అడిగింది.

"అత్తా, మామ పాస్‌వర్డ్ ఏమన్నా సెప్పినాడా?"

"యాడ సెప్పినాడే పాపా! సెప్పేంత టైమిచ్చినాడా ఆ దేవుడు?"

ఈశ్వరి తోచినవన్నీ కొట్టి చూసింది. కుదరలేదు. అన్నకు ఫోన్ చేస్తే, "ఫైళ్లు కాపీ తీసుకోని ఫార్మాట్ కొట్టెయ్" అన్నాడు.

"ఫార్మాటంటే ఏంది?" అని సుబ్బమ్మ అడిగింది.

"అంతా తుడిచి కొత్తగా పెట్టేది అత్తా. మామ గీసినవి పోవులే, దాచిపెడతా."

సుబ్బమ్మ తెర దగ్గరికి జరిగింది. కొంగుతో తెర తుడిచింది. "గీసినవి పోవు, సరే. ఈ నెమలిని ఈ మూలన పెట్టింది ఆయప్ప. ఈ పువ్వు నొక్కితే పాటలొస్తాయని నేర్పిచ్చినాడు. యాడయాడ పెట్టినాడో ఆడనే ఉండల్ల. నీ ప్రోగ్రాం లేకున్నా బతుకుతాలే పాపా."

ఆదోని బస్సులో కూర్చున్నాక ఈశ్వరికి మొదట సుబ్బమ్మ మీద కోపమొచ్చింది. సగం దారి దాటేసరికి ఆ కోపం తన మీదికే తిరిగింది. ఒక మనిషి ఒక అంచు గీసుకోవడానికి కంప్యూటర్ మొత్తం మీద పెత్తనం తనకెందుకు?

ఆ వారమంతా ప్యాకేజీని విడదీస్తూ కూర్చుంది. ప్రోగ్రాం ఆ మనిషి సొంత ఫోల్డర్‌లోకే పోయేలా చేసింది. ఫాంటును కూడా అందులోనే సర్దింది. ప్రింటర్ భాగం మాత్రం పాస్‌వర్డ్ లేకుండా ఎక్కదు కాబట్టి దాన్ని పక్కన పెట్టేసింది.

మధుసూదన్ తల పట్టుకున్నాడు. "ఒకే మిషన్ మీద ముగ్గురుంటే ముగ్గురికీ వేరువేరుగా ఎక్కించాల కదమ్మా. కొత్త వెర్షన్ వచ్చినప్పుడల్లా అంతమంది కాడికీ తిరగాల."

"తిరుగుతా అన్నా. పాస్‌వర్డ్ తెలిసినోళ్లకు పెద్ద ప్యాకేజీ ఇస్తాం. తెలియనోళ్లకు ఇది."

మరుసటి రోజు అన్న పాత మిషన్ ఒకటి తెచ్చి, "దీని మీద పరీక్ష చెయ్యి" అని చెల్లెలి ముందు పెట్టాడు.

సుబ్బమ్మ ఇంట్లో ఈసారి తెర ఏమీ అడగలేదు. "గుర్తు యాడ పెట్టమంటావత్తా?" అంది ఈశ్వరి. సుబ్బమ్మ తెరంతా కలయజూసి, నెమలి పక్కన ఖాళీగా ఉన్న చోట వేలు పెట్టింది.

రాఘవేంద్ర సగం గీసి వదిలిన అంచు ఒకటి ఆ తెర మీదే ఉంది. "దీన్ని పూర్తి చేస్తావా అత్తా?"

"వద్దులే. ఆయనది ఆయనకుండనీ. నేను నాది గీస్తా."

జొన్న కంకులు గీసింది. మొదటిసారి పోగుల లెక్క తప్పి కంకులన్నీ పక్కకు వాలిపోయాయి. "గాలివాన కొట్టినట్లుంది కదే!" అని సుబ్బమ్మ నోటికి చెయ్యడ్డం పెట్టుకుని నవ్వింది. ఆయన పోయాక ఆమె నవ్వగా ఈశ్వరి చూడటం అదే మొదలు. ఇద్దరూ చెరిపి మళ్లీ గీశారు. ఆ ఇంటి కంప్యూటర్‌లో ప్రింటు రాదు గనుక, గీసింది పెన్‌డ్రైవ్‌లో వేసుకుని వీధి చివర, మగ్గం మీద బొమ్మ పడేందుకు రంధ్రాల జాకార్డు అట్టలు కొట్టేచోటికి సుబ్బమ్మే స్వయంగా తీసుకుపోయింది. దసరాకు ముందే ఆ అంచు చీర మగ్గమెక్కింది.