ఇస్త్రీ చేసిన కొండ

ఆ వీధిలో దర్జీని ఎవరూ పేరుపెట్టి పిలవరు. వెనకాల అందరూ 'అరంగుళం' అంటారు. ఎవరు ఏ బట్ట తెచ్చినా ఆయన నోట్లోంచి మొదట వచ్చేది ఆ మాటే. అరంగుళం వదలాలి, అరంగుళం పెంచితే చాలు, అరంగుళం లోపలికి మడిస్తే ఎవరికీ తెలీదు! యాభై ఎనిమిదేళ్ళ బక్కపలచని మనిషి. మెడలో టేపు, చెవి మీద పెన్సిలు. ముప్ఫై ఏళ్ళుగా కొలతల్లో పొరపాటు చెయ్యలేదని ఆయన గొప్ప. ఆ గొప్ప ఈ ఏడు ఎలా మంటగలిసిందో చెప్పాలంటే ముందు ఆయన అక్కగారి సంగతి చెప్పాలి.

అక్క ఎనిమిదేళ్ళు పెద్దది. ఆయనకు సైకిలు నేర్పింది ఆవిడే. అద్దె సైకిలు మీద తమ్ముణ్ణి కూర్చోబెట్టి, వెనకనుంచి సీటు పట్టుకుని వీధంతా పరిగెత్తింది. మధ్యలో ఎక్కడ వదిలేసిందో వీడికి తెలియదు. వీధి చివర వెనక్కి తిరిగి చూస్తే అక్క లేదు! బెంబేలెత్తిపోయి, శుభ్రంగా మురిక్కాలవలో పడ్డాడు. తర్వాత రెండేళ్ళకే ఆవిడకు పెళ్ళయి కొండల అవతలి దేశానికి వెళ్ళిపోయింది. స్టేషన్లో పన్నెండేళ్ళ తమ్ముడు ఏడుపు దిగమింగుకుని, "మీ ఇంటికి సైకిలు మీద వస్తా, చూడు" అన్నాడు.

రైలు కొండల్ని చుట్టుకుని వెళుతుంది. ఆ రైల్లో ఆయన పదిసార్లయినా వెళ్ళొచ్చి ఉంటాడు. వెళ్ళిన ప్రతిసారీ అక్క గుమ్మంలోనే నిలబెట్టి, మంచినీళ్ళయినా ఇవ్వకుండా, "సైకిలేదిరా?" అని అడుగుతుంది. అందరూ నవ్వుతారు. ఆయనా నవ్వుతాడు, కానీ ఎక్కడో చురుక్కుమంటుంది. ఈ ఏడు డాక్టరు ఆయన మోకాలు అటూ ఇటూ వంచి చూసి, "కొండలెక్కాలనుంటే ఇప్పుడే ఎక్కెయ్యండి, వచ్చే ఏడు సంగతి నేను చెప్పలేను" అన్నాడు. ఇంకేముంది, ఆ సాయంత్రమే గుడ్డలు కత్తిరించే బల్ల మీద మ్యాప్ పరిచాడు.

తోడుకి బావమరిది సిద్ధమయ్యాడు. సిటీ బస్సు డ్రైవరు, ఇద్దరికి సరిపడా పొట్ట, నలుగురికి సరిపడా నోరు. ఎటొచ్చీ రోజులే తక్కువ. మంచు తీసేసి కనుమల దారులు తెరిచేది వేసవి మొదట్లో. ఆ వెంటనే బడి యూనిఫారాలు రెండు వందల జతలు కుట్టివ్వాలి. ఈ రెంటి మధ్యా దొరికేవి అయిదు రోజులు. నాలుగు తొక్కడానికి, ఒకటి బస్సులో తిరిగి రావడానికి. కనుమలు మూడు. మూడోదాని నెత్తినే సరిహద్దు గేటు, దాని అవతల దిగువన అక్క ఊరు.

బరువు విషయంలో మాత్రం ఆయన బావమరిది ప్రాణం తోడేశాడు. చొక్కాల వెనక అట్ట ముక్కలాంటి లేబుళ్ళు విప్పేశాడు. టూత్‌బ్రష్‌ల కాడలు సగానికి కోయించాడు.

"బావా, ఈ బ్రష్‌తో తోముకుంటే వేళ్ళు గొంతులోకి పోతున్నాయి!"

"పోనీరా. కొండ మీద ప్రతి గ్రామూ మన మోకాలే మోస్తుంది."

ఇక దూరం. దర్జీ కదా, కొలత తన పద్ధతిలోనే తీశాడు. ఎర్రదారం తీసుకుని, షాపు దగ్గర ఒక గుండుసూది, అక్క ఇంటి దగ్గర ఒక గుండుసూది గుచ్చి, దారి వెంబడి నున్నగా పరిచాడు. ఆ దారాన్ని టేపు మీద పెట్టి కొలిచాడు. సరిగ్గా రెండు వందల కిలోమీటర్లు! రోజుకు యాభై. ఆనందం పట్టలేక భార్యను కుట్టుమిషను దగ్గర్నుంచి లేపి మరీ చూపించాడు.

ఆదివారం మధ్యాహ్నం బావమరిది వచ్చి ఆ దారాన్ని చూశాడు. ఒకప్పుడు ఆరేళ్ళు అదే కొండ దారిలో బస్సు నడిపిన మనిషి. కళ్ళద్దాలు తీసి, తుడుచుకుని, మళ్ళీ పెట్టుకున్నాడు.

"ఇదేంటి బావా? కొండని ఇస్త్రీ చేసేశావా?"

"ఏమైంది?"

"ఇదిగో, నువ్వు దారం తిన్నగా లాగేసిన ఈ కాస్త ముక్కలో పద్నాలుగు మలుపులున్నాయి. అవి తిప్పీ తిప్పీ నా మెడ అరిగిపోయింది. ఇవన్నీ ఏ ఖాతాలో వేశావు?"

అరంగుళం వంగి మ్యాప్‌ని మళ్ళీ చూశాడు. మిషను దగ్గర్నుంచి భార్య తలైనా ఎత్తకుండా అందుకుంది. "లంగాకి నడుము ఇరవై నాలుగైతే గుడ్డ డెబ్బై రెండెందుకని అడిగినవాళ్ళకల్లా చెబుతారుగా, కుచ్చిళ్ళలోకి పోతుందమ్మా అని. కొండకి మాత్రం కుచ్చిళ్ళుండవేంటండీ?"

భార్యా, బావమరిదీ పగలబడి నవ్వారు. ఆయనకు నవ్వు రాలేదు. మలుపులూ ఎత్తులూ కలుపుకుని మళ్ళీ లెక్క వేస్తే, నాలుగోరోజు చీకటిపడేలోగా చేరేది సరిహద్దు గేటుకే. అక్క ఇల్లు అక్కడికి ఇంకా అరవై కిలోమీటర్లు.

"మొదటి కనుమ బస్సులో ఎక్కేద్దాం బావా. ఎవరికి తెలుస్తుంది?"

"నాకు తెలుస్తుంది కదరా! సగం బస్సులో పోయి, గుమ్మంలో సైకిలు దిగి, వచ్చానక్కా అనమంటావా?"

మ్యాప్ మడిచి బీరువా మీద పడేశాడు. ఆ వారమంతా ముఖం మాడ్చుకునే ఉన్నాడు. ఒక పెద్దమనిషి కోటుకి ఎడమ చెయ్యి కుడివైపు కుట్టి పెట్టాడు. దాన్ని విప్పుతూ భార్య ఏమీ అనలేదు. ఆవిడ ఏమీ అనలేదంటే పరిస్థితి ఎంత దూరం వచ్చిందో చూడండి.

తర్వాతి ఆదివారం ఎప్పట్లాగే అక్క ఫోను చేసింది. ఆయన తప్పించుకోబోయాడు. భార్య ఊరుకుంటుందా? "వదినా, మీ తమ్ముడు మీ మీద అలిగాడు, మీరే అడగండి" అని ఫోను తెచ్చి చెవికి ఆనించింది. ఇక తప్పలేదు. దారం, మలుపులు, నాలుగు రోజులు, అన్నీ కక్కేశాడు. చివరికి అసలు మాట అనేశాడు. "ఇక ఈ జన్మకి సైకిలు మీద రాలేనక్కా."

 అవతల అక్క గొంతు ఖంగుమంది.

"ఒరేయ్ తమ్ముడూ, దారమంతా నీ వైపు నుంచే కొలిచావా?"

"మరి?"

"మరి నేనెందుకున్నాను? నా వైపు నుంచి గేటు దాకా పొద్దున్నే బస్సుందిరా మొద్దూ. పైన బస కూడా ఉంది. నువ్వు అక్కడిదాకా ఎక్కు, చాలు."

 ఇన్నేళ్ళూ ఆయన అక్కను గుమ్మంలోనే నిలబెట్టి ఊహించుకున్నాడు గానీ, ఆవిడ ఎదురొస్తుందన్న ఆలోచనే తట్టలేదు.

"వింటున్నావా? అప్పుడు వీధి చివర వెనక్కి చూశావు, నేను లేనని కాలవలో పడ్డావు. ఈసారి ముందుకి చూస్తూ తొక్కు. నేనుంటాను."

ఆయన కండువా కోసం తడుముకుని, అది దొరక్క, మెడలో టేపుతోనే కళ్ళు తుడుచుకున్నాడు. తర్వాత అడిగాడు. "అక్కా, పైన చలి కోసేస్తుంది. నీ భుజం కొలత ఎంత?"

ప్రయాణానికి రెండురోజుల ముందు బావమరిది సంచులు తూచడానికి వచ్చాడు. బావ సంచి ఎత్తబోయి, అనుమానమొచ్చి జిప్పు లాగాడు. లోపల నీలంరంగు ఉన్ని కోటు, రెండు పొరల లైనింగు, పెద్ద పెద్ద గుండీలు.

"ఓహో! నా బ్రష్ కాడ విరగ్గొట్టించి, నువ్వు ఇంత కోటు పెడతావా? రెండు కిలోలుంటుంది బావా ఇది!"

అరంగుళం కోటును మళ్ళీ మడత పెట్టి, సంచిలో అన్నిటికన్నా అడుగున సర్ది, జిప్పు వేశాడు.

"అది బరువులోకి రాదురా" అన్నాడు.