ఫైనల్ మధ్యలో వెళ్లిపోయిన కెప్టెన్

మా మేడ్చల్ ఫుట్‌బాల్ క్లబ్బుకు సొంత మైదానం ఏనాడూ లేదు. షామీర్‌పేట వైపు ఒక చెరువుంది. అది ఎండిన ఏడు నీళ్లు పోయి బయటపడ్డ శిఖం నేలలో గోల్‌పోస్టులు పాతేవాళ్లు. నిండిన ఏడు ఆట బంద్. మా నాయిన ఆ క్లబ్బులో గోల్‌కీపర్. ఆయన "మస్తు ఆడిన ఏండ్లు" అని మురిసిపోయే ఏండ్లనే మా అవ్వ "గంజి తాగిన ఏండ్లు" అనేది. ఒకే ఇంట్లో ఒకే ఏడాదికి రెండు పేర్లుండటం చిన్నప్పుడు నాకు భలే వింతగా ఉండేది.

ఈమధ్య క్లబ్బు సెక్రటరీ మా ఇంటికి వచ్చాడు. మేడ్చల్‌లో టైర్ల దుకాణం ఆయనది. పాత ఆటగాళ్లందరినీ పిలిచి జల్సా చేస్తున్నారట, ఒక చిన్న పుస్తకం కూడా వేస్తారట.

"మేడమ్, మీరు బడిల తెలుగు జెప్తరు గదా, క్లబ్ చరిత్ర జర మీరే రాసియ్యుండ్రి" అన్నాడు. చాయ్ తాగి లేస్తూ, "గా పాత కెప్టెన్ ముచ్చట మాత్రం వద్దు మేడమ్. జానే దో" అన్నాడు.

వద్దన్న డబ్బా మూతే ముందు తీసే రకం నేను. బౌరంపేటలో నా క్లాసు పిల్లలకు కూడా ఈ సంగతి తెలుసు.

కెప్టెన్ కథ ఊరందరికీ తెలిసిందే. క్లబ్బు పుట్టి బుద్ధెరిగాక ఒకే ఒక్క ఫైనల్ దాకా వచ్చింది, అదీ ఆ చెరువు శిఖంలోనే. మనవాళ్లు ఒక గోల్ ముందున్నారు. అప్పుడే వాన దంచడం మొదలైంది. కెప్టెన్ చేపలు పట్టే ఇంటివాడు, జట్టులో అందరికన్నా మొనగాడు. అతను ఎవరికీ చెప్పకుండా ఆట విడిచిపెట్టి కట్ట వైపు ఉరికాడు. జట్టు ఓడిపోయింది. ఆ రోజు నుంచి అతన్ని మైదానానికి పిలిచినవాడు లేడు, పలకరించినవాడూ లేడు.

"వాగుల చేపలు ఎదురెక్కుతయని వలకోసం ఉరికిండు. కప్పును చేపలకు అమ్ముకున్నడు" అని నాయిన టీవీలో ఎవరు బంతిని తన్నినా గుర్తు చేసుకుని తిట్టేవాడు.

నేనూ ఆ మాట నమ్మే పెరిగాను. కానీ రాద్దామని కూర్చుంటే కలం కదల్లేదు. ఎండి పగుళ్లిచ్చిన చెరువులో వాన పడ్డ గడియలోనే ఎదురెక్కడానికి చేపలెక్కడివి?

అదే నాయిన్ని అడిగాను. "నీకెందుకే గవన్నీ? రాసేదేదో రాయి!" అని ఇంతెత్తున లేచాడు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు అనిపించింది నాకు. బడికి సెలవున్న రోజు చూసుకుని స్కూటీ తీశాను.

కెప్టెన్ ఇల్లు తూంకుంట దాటాక, ఆ చెరువు కట్ట కిందే. వాకిట్లో కూర్చుని గోంగూర కట్టలు కడుతున్నాడు. ఎవరి బిడ్డనో చెప్పాను. ముఖం చాటేస్తాడనుకుంటే లోపల్నుంచి కుర్చీ తెప్పించాడు.

"ఫైనల్ నడుమ ఎటు పోయినవ్ కాకా?" అని అడిగేశాను.

"కట్ట మీదికి వోయిన బిడ్డా. తూము షట్టర్ లేపి ఉండె. దించొచ్చిన."

"ఎవరు లేపిన్రు?"

"గది మీ నాయిన్నడుగు. నేను జెప్తే చాడీ అయితది."

ఇంటికొచ్చి చెప్పులు కూడా విడవకుండా నాయిన ముందు నిలబడి, "తూము ఎవలు లేపిన్రు నాయినా?" అన్నాను. ఈసారి అరవలేదు. గోడ వైపు చూస్తూ మెల్లగా చెప్పాడు.

"ఫైనల్‌కు ముందు చెరువుల ఇంకా కొన్ని నీళ్లుండె. ఒక పోస్టు కాడ అంతా బురద. గ్రౌండ్ ఆరాలె గదా అని మేం కొందరం షట్టర్ లేపి నీళ్లు ఇడిసినం. వానికి చెప్పలే. చెప్తే ఒప్పుకోడు, వాళ్లిల్లు బతికేదే గా నీళ్ల మీద. ఆటనాడు వాన కొట్టంగనే నాకు తూము యాదికొచ్చింది. వచ్చిన నీళ్లు వచ్చినట్టే కిందికి వోతయి. కార్నర్ కిక్ కాడ వాని చెవుల జెప్పిన, తూము తెరిసే ఉన్నదని. గంతే. ఉరికిండు."

"మరి ఇన్నేండ్లు చేపల కథెందుకు జెప్పినవ్?"

"తూము సంగతి తెలిస్తే ఆయకట్టు రైతులు మా బొక్కలు ఇరగ్గొట్టేటోళ్లు. ముందుగాల భయం. తర్వాత గట్లనే అలవాటైంది."

నాయిన మీద నాకంత కోపం ఎప్పుడూ రాలేదు. మా మడి కూడా ఆ చెరువు కిందిదే. ఆ వాన నీళ్లు చెరువులో ఆగితేనే ఆ ఏడు మా ఇంట్లో అన్నం ఉడికింది. ఆ అన్నం తిని, నీళ్లు ఆపినవాణ్ని ఊరంతా కలిసి వెలేశారు.

"నువ్వే వచ్చి ఆయనకు చెప్పాలె. లేకుంటే ఇదంతా ఉన్నదున్నట్టు రాసి సెక్రటరీ చేతుల వెడ్త" అన్నాను.

"రాయి. కానీ ముందుగాల నన్ను తోల్కపో" అన్నాడు.

మర్నాడు పొద్దున్నే వెళ్లాం. నాయిన దారంతా పెదవులు కదుపుతూనే ఉన్నాడు, ఎలా మొదలుపెట్టాలో కూడబలుక్కుంటున్నట్టుంది. తీరా ఎదురుపడ్డాక "అన్నా, తప్పయింది" అని మాత్రమే అనగలిగాడు. కెప్టెన్ ఆయన్ని చెయ్యి పట్టి మంచం మీద పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

"గది ఇడిసిపెట్టు. నాకొక్క ముచ్చట జెప్పు. మనమెట్ల ఓడినం?"

"నీకు తెల్వదా?" అన్నాడు నాయిన.

"షట్టర్ తుప్పు వట్టి దిగకపాయె. దించి వచ్చేసరికి గ్రౌండ్ల ఎవ్వలు లేరు. ఓడినమని తొవ్వల ఎవలో అంటే ఇన్న. తర్వాత నాతోని ఎవ్వలు మాట్లాడకపోతిరి. ఇగ ఎవల్ని అడగాలె?"

ఇన్నేళ్లూ ఊరంతా అతనికి అంటగట్టిన ఓటమి ఎలా జరిగిందో అతనికే తెలియదు. నాయిన తల దించుకున్నాడు. "వాడు లేక ఓడినం" అని మాకు వేయిసార్లు చెప్పిన మనిషి, ఆడలేక మద్దెల ఓడన్న మనిషి, ఆ మాట ఇప్పుడు అనలేదు.

"రెండో గోల్ నా కాళ్ల నడుమకెల్లి పోయిందే" అన్నాడు.

"కాళ్ల నడుమకెల్లా!" కెప్టెన్ ఒక్కసారిగా నవ్వాడు. "ఏదీ, లేసి సూపెట్టు."

నాయిన లేచి వాకిట్లో కాళ్లు ఎడంగా పెట్టి, చేతులు చాచి నిలబడ్డాడు. కెప్టెన్ మంచం అంచుకు జరిగి, "బంతి ఏ దిక్కుకెల్లి వచ్చింది? మొదటికెల్లి జెప్పు" అన్నాడు.