అత్తగారి వాపు మాత్రలు

చేపల మార్కెట్లో ఆవిడను మొహం ముందు అందరూ కత్తక్క అనేవాళ్ళు. చాటున గయ్యాళి అనేవాళ్ళు. రెండూ ఆవిడకు తెలుసు, రెండూ ఆవిడకు ఇష్టమే. ఆ రేకుల కప్పు కింద చేప కొయ్యడంలో ఆవిడ కుడిచేతికి సాటి వచ్చే చెయ్యి మరొకటి లేదు. పొలుసు గీకి, మొప్పలు లాగి, పొట్ట చీల్చి, వెన్నుముల్లు పక్కనుంచి కత్తి పోనిచ్చిందంటే ముక్కలు అచ్చు పోసినట్టు పడేవి. కొనేవాళ్ళు ఆ చెయ్యి చూసి వచ్చేవాళ్ళు, ఆ నోరు విని తిట్టుకుంటూ పోయేవాళ్ళు, మర్నాడు మళ్ళీ ఆ చేతి కోసమే వచ్చేవాళ్ళు.

మరి నోరంటే మామూలు నోరా? పంపు దగ్గర వంతు దాటితే తగువు. పక్క బల్ల కడిగిన నీళ్ళు తన కాళ్ళ కిందికి వస్తే తగువు. ఐసుపెట్టె మూత ఎవరైనా వారగా వదిలేస్తే వాళ్ళ తాతముత్తాతలందరినీ పిలిచి కూర్చోబెట్టేది. ఎదురు బల్ల ఆవిడ ఒకప్పటి ప్రాణస్నేహితురాలు. ఏదో పీతల బుట్ట దగ్గర మాటామాటా పెరిగి, ఆ తర్వాత ఇద్దరూ ఎదురెదురుగా నిలబడి ఏళ్ళ తరబడి ఒకరి మొహం ఒకరు చూడకుండా చేపలు కోశారు. అలా చూడకుండా ఉండడానికి ఎంత ఓపిక కావాలో నన్నడగకండి, వాళ్ళనే అడగాలి.

అయితే ఆవిడ అసలు యుద్ధమంతా ఇంట్లోనే, అత్తగారితో. ఆ ముసలమ్మ కూడా ఆషామాషీ మనిషి కాదు. కత్తక్క నిలబడే బల్ల ఒకప్పుడు ఆవిడదే. కోడలికి కత్తి పట్టడం నేర్పింది ఆవిడే, తప్పు కోస్తే వేళ్ళ మీద కత్తి పిడితో కొట్టిందీ ఆవిడే. తర్వాత ఆవిడ కీళ్ళు తిరగబడ్డాయి. వేళ్ళు వంకర్లు పోయాయి, మోకాళ్ళు ఉబ్బాయి, కత్తి చేతిలోంచి జారిపోయింది. ఆ కత్తిని కోడలు నేల మీంచి తీసి, కడిగి, పని కానిచ్చేసింది. అంతే, ఆ రోజు నుంచి ఆ ఇంట్లో పచ్చగడ్డి వేస్తే భగ్గుమనేది.

కీళ్ళ డాక్టరు ముసలమ్మకు జబ్బు సంగతి విడమరిచి చెప్పాడు. ఒంట్లో కాపలా కాయాల్సిన కణాలు పొరపాటుపడి సొంత కీళ్ళనే పరాయివనుకుని కొడుతున్నాయట. ముసలమ్మ ఇంటికొచ్చి ఆ మాటే కొడుకుతో చెప్పుకుని వాపోయింది. కోడలు వంటింట్లోంచే, పోనీలే, మాకు శ్రమ తప్పింది అంది. కొడుకు నోట్లో నాలుక లేని మనిషి. మార్కెట్‌కు ఐసు తోలే వ్యాను నడిపేవాడు, ఇంట్లో కూడా ఐసులాగే ఉండేవాడు. విననట్టు చెప్పులు తొడుక్కుని బయటికి పోయాడు.

డాక్టరిచ్చిన మాత్రలు చిన్నవి, తెల్లటివి, నాలుక మీద పెడితే తల అదిరిపోయేంత చేదు. అవి వేసుకుంటే ముసలమ్మ మోకాళ్ళ వాపు తీసేసినట్టు పోయేది. వంకర వేళ్ళతో రేకులోంచి మాత్ర నొక్కి తీసుకోవడం ఆవిడ వల్ల అయ్యేది కాదు. అందుకని కోడలే తిట్టుకుంటూ రేకులన్నీ విప్పి మాత్రలు ఒక చిన్న సీసాలో పోసి పెట్టేది. ఆ ఇంట్లో అత్త కోసం కోడలు చేసే పని అదొక్కటే.

ఇక ముల్లు సంగతి. చేపలు కోసేవాళ్ళకు ముల్లు గుచ్చుకోవడం మనకు దోమ కుట్టడం లాంటిది. ముల్లు లోపల విరిగితే సూదితో కెలకరు. పగలంతా వేలిని ఐసులో ముంచుతూ పని చేసుకుంటారు, ఇంటికెళ్ళాక వదిలేస్తారు. వేలు ఎర్రబడుతుంది, ఉబ్బుతుంది, సలుపుతుంది, చివరికి పండి చీముతో పాటు ముల్లు దానంతటదే బయటికొస్తుంది. అలా రాకపోతే ఆస్పత్రికి పోవాలని అందరికీ తెలుసు. ఎవరూ పోరు, అది వేరే సంగతి.

కత్తక్కకు కూడా ఎన్ని ముళ్ళు దిగాయో, ఎన్ని బయటికొచ్చాయో లెక్కే లేదు. కానీ ఈసారి ముల్లు దిగకూడని సమయంలో దిగింది. పెద్ద హోటలు వంటాయన ఒకడు మార్కెట్‌కు వచ్చాడు. రోజూ పొద్దున్నే పల్చటి ముక్కలు కోసిచ్చే మనిషి కావాలట. కత్తక్క బల్ల దగ్గర కాసేపు నిలబడ్డాడు, ఎదురు బల్ల దగ్గర కాసేపు నిలబడ్డాడు, వారమంతా ఇద్దరి పనీ చూసి తేలుస్తానన్నాడు. ఆ మధ్యాహ్నమే కత్తక్క కుడిచేతి చూపుడు వేలి మొదట్లో రెక్కముల్లు దిగి పుటుక్కున విరిగింది.

మర్నాటికి వేలు బూరెలా ఉబ్బింది. కత్తి పిడి చుట్టూ వేలు వంగడం లేదు. ఐసులో ముంచితే కాసేపు మొద్దుబారేది, తీయగానే మళ్ళీ మొదలు. ఎదురు బల్ల మీద కత్తి చప్పుడు టకటకమని వినిపిస్తుంటే కత్తక్కకు ఒళ్ళు మండిపోయింది. వాపే కదా అడ్డు, వాపు పోతే పనవుతుంది కదా అనుకుంది. వాపును పోగొట్టే మాత్రలు ఇంట్లో సీసా నిండా ఉన్నాయి. ఐసు పైనుంచి చేసే పని మాత్ర లోపల్నుంచి చేస్తుంది, ఇందులో తప్పేముంది?

అడిగితే అత్త ఇస్తుందా? ఇవ్వదు. అత్తను అడగడం కంటే వేలు కోసుకోవడం నయమనుకునే రకం ఈవిడ. అందుకే సీసాలో మాత్రలు తను తీసేసుకుంది. ఖాళీ సీసా కనబడితే ఇల్లు పీకి పందిరేస్తుందని, మందుల షాపులో అంతే ఉండే తెల్లటి విటమిన్ మాత్రలు కొనుక్కొచ్చి అందులో పోసింది. ముసలిదానికి కళ్ళు ఎలాగూ ఆనవు కదా అని ధైర్యం. ఇది పాపమని అనిపించలేదా అంటే, అనిపించింది. కానీ వేళ్ళ మీద తిన్న పిడి దెబ్బలు గుర్తొచ్చి, ఆ అనిపించడం కాస్తా ఆగిపోయింది.

మాత్రలు పనిచేశాయి. వాపు దిగింది, ఎరుపు వాడింది, సలుపు సద్దుమణిగింది. ఒంట్లో కొత్త హుషారు పుట్టుకొచ్చి నిద్ర కూడా అక్కర్లేనట్టయింది. కత్తి మళ్ళీ ఆడింది. వారం తిరిగేసరికి హోటలు పని కత్తక్కకే దక్కింది. ఎదురు బల్ల ఆవిడ మొహం మాడ్చుకుని బల్ల కడుక్కుంటుంటే కత్తక్క కావాలని నెమ్మదిగా, మళ్ళీ మళ్ళీ నవ్వింది. ముల్లు మాత్రం బయటికి రాలేదు. చీమూ పట్టలేదు. నొప్పి లేనప్పుడు ముల్లు ఎక్కడుంటే ఏమిటని ఆవిడ దాన్ని మరిచేపోయింది.

ఇంట్లో ముసలమ్మ మంచానికి అంటుకుపోయింది. మోకాళ్ళు మళ్ళీ ఉబ్బాయి, లేస్తే కళ్ళు తిరుగుతున్నాయి, తిన్నది కక్కేస్తోంది. వింతేమిటంటే ఒక్క మాట అనలేదు. ఉదయం లేస్తే కోడలి నడకకూ దగ్గుకూ వంకలు పెట్టే మనిషి, గోడకు ఆనుకుని కూర్చుని కోడలి కుడిచేతి వంకే చూస్తూ ఉండేది. తిట్లకు అలవాటుపడ్డ కోడలు ఆ చేతిని చీరకొంగు కింద దాచుకుని తిరిగింది. అయినా అసలు మాత్రలు సీసాలోకి తిరిగి పొయ్యలేదు.

తర్వాత ఒక పొద్దున హోటలు చేపలు కోస్తుండగా కత్తి చేతిలోంచి జారి బల్ల మీద పడింది. తీయబోతే వేళ్ళు మాట వినలేదు. చూపుడు వేలు సగం వంగి అలాగే బిగుసుకుపోయింది, చాపబోతే మోచేతి దాకా నరం తెగినట్టు పోటు. పైకి చూస్తే పెద్ద వాపేమీ లేదు, రంగు మాత్రం బూడిదగా ఉంది. ఎదురు బల్ల ఆవిడ ఏళ్ళ తర్వాత మొదటిసారి ఈవిడ వంక చూసి, నన్ను చూసి అంత నవ్వావు కదా, ఆ చెయ్యి పడిపోక ఏమవుతుంది అంది. కత్తి ఇలా చేతిలోంచి జారిపోవడం కత్తక్క ఇంతకుముందు ఒకసారి చూసింది. ఎవరి చేతిలోంచో కూడా గుర్తుంది.

మొగుడు వ్యానులో ఇంటికి తీసుకెళ్ళేసరికి అక్కడ ముసలమ్మ గుమ్మం దగ్గర పడి ఉంది. నోరులేని మనిషికి ఆ రోజు నోరొచ్చింది. ఇద్దరూ ఎక్కండి అని అరిచి, ఐసుదిమ్మలు పేర్చే చోట ఇద్దరినీ పక్కపక్కనే కూర్చోబెట్టి ఆస్పత్రికి తోలాడు. దారంతా ఇద్దరూ చెరో పక్కకు మొహం తిప్పుకున్నారు.

ఎమర్జెన్సీ గదిలో మధ్యన ఒక పచ్చ తెర వేసి ఇద్దరినీ పక్కపక్క మంచాల మీద పడుకోబెట్టారు. కత్తక్క దగ్గరికి చదువు ఇంకా పూర్తికాని డాక్టరమ్మాయి వచ్చింది. జ్వరం లేదు, ఎరుపు లేదు, చీము లేదు. నరం పట్టినట్టుంది, కట్టు కట్టి పంపిద్దామని పెద్ద డాక్టరుతో అంది. ఆయన వేలిని నెమ్మదిగా చాపబోతే కత్తక్క కేక పెట్టింది. ఆయన మొహం చిట్లించి, ఏవైనా మాత్రలు వాడుతున్నావా అని అడిగాడు.

“లేదు,” అంది కత్తక్క.

తెర అవతల మంచం కిర్రుమంది.

“అబద్ధం,” అంది ముసలమ్మ గొంతు, నీరసంగా, కానీ గది మొత్తానికి వినిపించేలా. “నా వాపు మాత్రలు దొంగతనంగా మింగింది. నాకు ఉత్త మాత్రలు పోసి పెట్టింది. అందరూ వినండి. నా కోడలు దొంగ.”

గదిలో రోగులూ, వాళ్ళతో వచ్చినవాళ్ళూ అందరూ తలలు తిప్పారు. కత్తక్కకు భూమి చీలిపోతే బాగుండుననిపించింది. పెద్ద డాక్టరు మాత్రం దొంగతనం సంగతి పట్టించుకోలేదు. నిజమా అని ఒక్కటే అడిగాడు. ఆవిడ తల ఊపీ ఊపకముందే నర్సును కేకేసి, వెంటనే ఆపరేషను గది సిద్ధం చెయ్యమన్నాడు. ముసలమ్మకు వేరే సూది మందు రాయించాడు. ఆ మాత్రలు ఉన్నట్టుండి మానేస్తే ప్రాణం మీదికొస్తుందని, ఈ ముసలావిడ ఇంకొక్క రోజు ఆలస్యమైతే దక్కేది కాదని డాక్టరమ్మాయితో అంటుంటే కత్తక్క చెవులారా వింది. తర్వాత ఆయన కత్తక్క మీద విరుచుకుపడ్డాడు.

“వాపు నీ శత్రువనుకున్నావా? ముల్లుతో పాటు క్రిములు దిగాయి. వాటి మీదికి నీ రక్తంలో తెల్లకణాలు పరిగెత్తుకు రావాలి. అవి రావడానికే అక్కడ రక్తం ఎక్కువవుతుంది, నీరు ఊరుతుంది. నీకు కనబడే ఎరుపూ వేడీ వాపూ అదే. చీమంటే ఆ పోట్లాటలో చచ్చిన కణాలే. నువ్వు మాత్రలేసి పోట్లాట ఆపించావు. నీవాళ్ళు కూర్చున్నారు. క్రిములు కూర్చోలేదు, వేలిలోంచి అరచేతిలోకి పాకాయి. ఆవిడ చెప్పకపోతే నీకు కట్టు కట్టి ఇంటికి పంపేవాళ్ళం. తర్వాత ఈ చెయ్యి ఉండేది కాదు.”

పుట్టి బుద్ధెరిగాక కత్తక్క ఒక తిట్టుకు తిరిగి తిట్టకపోవడం అదే మొదలు.

వేలి నుంచి అరచేతి దాకా చీల్చి, కడిగి, ముల్లు తీశారు. చెయ్యి దక్కింది. మాత్రలు ఆగిపోయాక, రెండు మూడు రోజులు కాస్త ఎర్రబడి వేడెక్కితే భయపడొద్దని, ఎరుపు మణికట్టు దాటితే మాత్రం వెంటనే చెప్పమని డాక్టరు అన్నాడు. అన్నట్టే చెయ్యి నిప్పులు పోసినట్టు మండింది. ఆడవాళ్ళ వార్డులో అత్తాకోడళ్ళ మంచాలు మళ్ళీ పక్కపక్కనే పడ్డాయి. ఈసారి తెర కూడా లేదు. కోడలు పళ్ళ బిగువున మూలుగుతుంటే ముసలమ్మ ఇటు తిరిగి అడిగింది.

“ఎర్రబడిందా?”

“ఎర్రబడింది.”

“వేడిగా ఉందా?”

“కాలిపోతోంది.”

“ఏడువు, బాగా ఏడువు. నీ ఒంట్లో కూడా నీలాంటి గయ్యాళులు ఎవరో మిగిలారన్నమాట,” అని అటు తిరిగి పడుకుంది.

ఇంటికొచ్చాక చాలా రోజులు ఆ ఇంట్లో ఎవరూ గొంతెత్తలేదు. కత్తక్క చూపుడు వేలు ఇక పూర్తిగా వంగదని తేలిపోయింది. కత్తి పట్టినా ఆ వేలు నిటారుగా ఎదుటివాళ్ళ వైపే చూపిస్తూ ఉంటుంది. హోటలు పని ఎదురు బల్లకు పోయింది. మార్కెట్లో ముక్కలు మునుపటంత పల్చగా పడకపోయినా, తిట్టేటప్పుడు మాత్రం ఆ వేలు బాగా పనికొస్తోందని అందరూ ఒప్పుకున్నారు.

ఒక ఉదయం మాత్ర అందిస్తూ కత్తక్క ఉండబట్టలేక అడిగేసింది, మాత్రలు మారాయని ఎప్పుడు తెలిసిందని. మొదటి రోజే తెలిసిందట. నాలుక మీద పెట్టుకోగానే చేదు తగల్లేదట. తర్వాత కోడలి వేలి వాపు దిగడం చూసి, అవి ఎవరు మింగారో కూడా తెలిసిందట.

“మరి అప్పుడే ఎందుకు అడగలేదు?”

“అడిగితే కాదనేదానివి. ఇంట్లో నాలుగు గోడలు తప్ప వినేవాళ్ళెవరు? పదిమందిలో నీ పరువు తియ్యాలని ఆగాను.”

“ఈలోగా నువ్వు చచ్చిపోతే?”

“చచ్చినా సరే అనుకున్నాను,” అంది ముసలమ్మ, ఎంతో మామూలుగా.

కత్తక్క లెక్క వేసుకుంది. ఈ ముసలిది తనను అంతగా అసహ్యించుకోకపోయి ఉంటే ఆ రోజు ఆ గదిలో నోరు తెరిచేది కాదు. తెరవకపోతే చెయ్యి పోయేది. దీనికి దండం పెట్టాలా, గొంతు పిసకాలా? రెండూ చెయ్యలేదు. వంగని వేలితో మాత్ర అత్త అరచేతిలో పెట్టి, నీళ్ళ గ్లాసు పట్టుకుని అక్కడే నిలబడింది.

ఇప్పుడు రోజూ ఇదే తంతు. ముసలమ్మ మాత్రను వెంటనే మింగదు. కోడలి కళ్ళలోకి చూస్తూ దాన్ని నాలుక చివర ఆనించి రుచి చూస్తుంది. కోడలు కోపం తెచ్చుకోదు. పని ఆలస్యమవుతున్నా, వ్యాను హారను మోగుతున్నా, ముసలమ్మ మొహం వికారంగా ముడుచుకునేదాకా గ్లాసు పట్టుకుని కదలదు.

“చేదుగా ఉందా?” అంటుంది.

“చేదుగానే ఉంది,” అంటుంది అత్త.

అప్పుడు గ్లాసు చేతికిస్తుంది.