పల్లావరం పిన్నిగారు

"మా అక్క పోయి నెల దాటిందండీ, మద్రాసులోనే" అన్నారు నందిగామ బస్టాండు ఎదుట సైకిల్ షాపాయన. ఆవిడ అడ్రసు కనుక్కుని, చెప్పకుండా వచ్చేసినందుకు క్షమాపణ రాద్దామని ఏడేళ్ళుగా అనుకుంటూ, ఆ రోజే బస్సు దిగాను.

ఆవిడ నాకు చుట్టం కాదు. డెబ్బైల చివర, పెళ్ళైన కొత్తలో, జగ్గయ్యపేట నుంచి మద్రాసు శివార్లలోని పల్లావరం వెళ్ళాను. బీచి స్టేషను దగ్గర టైపిస్టు ఉద్యోగం. పొద్దున ఎనిమిదింటికి పల్లావరం ప్లాట్‌ఫారం మీద ఇసకేస్తే రాలని జనం. అంతమందిలోనూ నాతో మాట్లాడే మనిషి లేదు. నాకు తమిళం రాదు. మా ఆయనవి షిఫ్టు డ్యూటీలు. ఒకరోజు తోపులాటలో టిఫిన్ క్యారేజీ జారిపోతే "అయ్యో, నా ఖర్మ!" అన్నాను.

"ఎవరమ్మా ఆ మాటన్నది? ఏ ఊరు?" అని జనంలోంచి ఒక గొంతు.

"జగ్గయ్యపేటండీ."

"ఓసి నీ దుంప తెగ! మాది నందిగామే!" అంటూ నా చెయ్యి పట్టుకుని ఆడవాళ్ళ పెట్టెలోకి లాగేశారు.

అప్పటినుంచి నాకు ఆవిడ పిన్నిగారు, ఆవిడకు నేను అమ్మాయ్. యాభై దాటిన మనిషి, ఏదో ఆఫీసులో గుమాస్తా. భర్త పోయారు, పిల్లలు లేరు. కబుర్ల కోసం వచ్చిన బండిని వచ్చినట్టే వదిలేసేవారు. లేటవుతోందండీ అని నేను గోల పెడితే, "పోనీవే. తిడితే అరవంలోనేగా తిట్టేది, నీకేం అర్థమవుద్ది?" అనేవారు. ఒకసారి మాత్రం, "ఇంటికెళ్తే గోడలకి తెలుగు రాదమ్మాయ్" అన్నారు. తనే నవ్వేశారు. నాకు నవ్వు రాలేదు.

అలా రెండేళ్ళు. ఆవిడ ఇల్లు చూడలేదు, పేరు అడగలేదు. పిన్నిగారిని పట్టుకుని పేరేంటని ఎవరడుగుతారు? ఆవిడా నా పేరు అడగలేదు.

ఒక ఆదివారం, మామగారికి సీరియస్‌గా ఉందని టెలిగ్రాం వస్తే ఉన్నపళంగా పేటకి బయల్దేరాం. మా ఆయనకి ఇక్కడే సిమెంటు ఫ్యాక్టరీలో ఉద్యోగం దొరికింది. నేను మళ్ళీ మద్రాసు వెళ్ళలేదు. ఉత్తరం రాద్దామంటే కవరు మీద ఏం రాయను, పిన్నిగారు, పల్లావరం స్టేషను అనా? తమ్ముడి షాపు గురించి ఆవిడ చెప్పకపోలేదు. బెజవాడ వెళ్ళినప్పుడల్లా బస్సు దాని ముందే ఆగేది. ఏ మొహం పెట్టుకుని అడగనూ, వచ్చేసారి దిగుదాంలే అనుకునేదాన్ని. అది సిగ్గు కాదు, ఒట్టి బద్ధకం. ఇప్పుడు ఒప్పుకుని ఎవరిని ఉద్ధరించాలి!

"పేట అమ్మాయి మీరేనా?" అన్నారు షాపాయన, చేతిలో పంపు కింద పెట్టి. "మీకోసం చాలా వెతికిందండీ. స్టేషన్లో కనపడిన వాళ్ళనల్లా అడిగిందంట. పేరు తెలీకపాయె. పొడుగు జడ పిల్ల అంటే ఎవరు చెప్తారండీ? ఒకరోజు మీలాంటావిడే ప్లాట్‌ఫారం మీద కనపడిందంట. ఈలోపు మా అక్క ఉన్న బండి కదిలిపోయిందంట."

ఆ మాట విన్నప్పటినుంచి నాకు ఒకటే కనిపిస్తోంది. ఆడవాళ్ళ పెట్టె గుమ్మంలో కమ్మీ పట్టుకుని వేలాడుతున్నారు పిన్నిగారు. ఎవరో పొడుగు జడ పిల్ల అటు తిరిగి నడిచిపోతోంది. "అమ్మాయ్! అమ్మాయ్!" అని గొంతు చించుకుని అరుస్తున్నారు. అంత జనంలో ఒక్కరూ వెనక్కి తిరగడం లేదు.