ఒంటిచెవి పాఠాలు

కూలర్‌కి కొత్త గడ్డి వేయించి మొదటి బకెట్ నీళ్ళు పోసినప్పుడు వచ్చే ఆ పచ్చి, తడి వాసన ఈ ఏడు కూడా మా ఇంటిని నింపేసింది. నేనిప్పుడు టాటానగర్‌లో టెల్కో కాలనీ దగ్గర ఉంటాను, పిల్లలకు గిటారు చెబుతాను, సాయంత్రాలు ఒక చిన్న జాజ్ బృందంలో వాయిస్తాను. కానీ ఆ వాసన తగిలితే చాలు, ఇదే ఊళ్ళో భాలుబాసాలోని మా రెండు గదుల ఇంట్లో, కూలర్ ముందు గచ్చు మీద బోర్లా పడుకుని, చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని, ఎవరు పిలిచినా పలకని పదకొండేళ్ళ పిల్లనైపోతాను. పలకనందుకు నాకు ఇప్పటికీ విచారం లేదు.

మా వీధిలో తెలుగిళ్ళన్నీ శ్రీకాకుళం వైపు నుంచి వచ్చినవే. చలికాలం పొద్దున్నే బొగ్గు కుంపట్ల పొగ మంచుతో కలిసి వీధిని కప్పేస్తే, మేం ఆ పొగలోనే ఏడుపెంకులాట ఆడి, దాన్ని అక్కడి వాళ్ళలాగే పిట్టూ అని పిలిచి, ఇంటికొచ్చి మామ్మ చేసిన వేడి ఉప్పుపిండి తింటూ, ఆమె తెలుగులో అడిగినదానికి హిందీలో జవాబు చెప్పి మొట్టికాయలు కూడా తినేవాళ్ళం. మామ్మ అంటే మా నాన్నవాళ్ళమ్మ. వీధి ఆడవాళ్ళ భజనకి ఆమే పెద్ద. చేతిలో తాళాలు, బుగ్గలో లవంగం, ఎవరి శ్రుతికీ లొంగని గొంతు. శ్రీరామనవమి వచ్చిందంటే పందిరి కింద గంగాళంలో పానకం, దొప్పల్లో పచ్చిమామిడి తురుము కలిపిన వడపప్పు, కొత్త బట్టల గంజి వాసన, వాటన్నిటి మీదా మామ్మ గొంతు.

గిటారు మా చిన్న మావయ్యది. టాటానగర్ రైల్వేలో ఎలక్ట్రీషియన్‌గా చేసేవాడు. చక్రధర్‌పూర్ బదిలీ అయినప్పుడు గిటారునీ, పాత ఫోనునీ, అందులో తన స్నేహితుడెవరో ఎక్కించిన పాటలనీ నాకు వదిలేసి వెళ్ళాడు. అన్నీ కొత్త తరం జాజ్ రికార్డింగులు, పేర్లు లేవు, అంకెలే. ఇయర్‌ఫోన్‌లో ఒక పక్క చచ్చిపోయింది. చాలా తర్వాత తెలిసిన సంగతి ఏమిటంటే, ఆ రికార్డింగుల్లో అసలు బాణీ ఊదే శాక్సోఫోన్ ఒక చెవికి, దానికి ఊతమిచ్చే గిటారు రెండో చెవికి వచ్చేలా విడదీసి పెట్టారు. నాకు పనిచేసింది గిటారు చెవి. ఆ గిటారే మొత్తం పాట అనుకున్నాను.

ఊదేవాళ్ళకో పాడేవాళ్ళకో పక్కన చేరి, స్వరాల గుంపుల్ని, అంటే కార్డుల్ని, తుంపులు తుంపులుగా అందించడాన్ని జాజ్ వాళ్ళు కాంపింగ్ అంటారు. ఆ మాట నాకు తెలీదు. తెలిసిందల్లా ఇద్దరు వాయించేవాళ్ళు, వాళ్ళకి పేర్లు కూడా నేనే పెట్టాను. ఒకాయన పిసినారాయన. రెండు తీగలు మీటి ఊరుకునేవాడు, ఇక లేచి వెళ్ళిపోయాడేమో అనుకునేసరికి మళ్ళీ రెండు వేసేవాడు. ఇంకొకాయన ఎక్కిళ్ళాయన, దెబ్బ పడాల్సిన చోట కాకుండా దానికి కాస్త ముందో వెనకో ఎగిరిపడేవాడు. నేను ముందు కార్డులో పైన వినిపించే స్వరాన్ని సన్నగా పాడుకుని, దాన్ని గిటారు మెట్ల మీద వెతికి పట్టుకుని, దాని కింద ఇంకేం మోగుతోందో మళ్ళీ మళ్ళీ వినేదాన్ని. ఒక్కో కార్డుకి ఒక్కో మధ్యాహ్నం పోయేది. వేళ్ళు కాయలు కాసేవి. ఉప్పూకారం అద్దిన మామిడికాయ ముక్క తింటే ఆ వేళ్ళు భగ్గుమనేవి.

నాన్న కాంట్రాక్టు ఫిట్టరు, షిఫ్టు నుంచి వచ్చి పడుకుంటే నా టింగులూ టంగులూ ఆయన నిద్ర చెడగొట్టేవి. ఒకరోజు తేల్చేశాడు. "నవమికి పందిట్లో ఒక్క పాట వాయించు. పాటనిపిత్తే ఉంచుకో. నేకపోతే ఇది మీ మావయ్యకి అట్టుకెళ్ళి ఇచ్చేత్తాను."

నాకేం భయం వేయలేదు. నాకు బోలెడన్ని పాటలొచ్చు కదా.

కల్యాణం అయి జనం పానకం తాగుతుండగా నన్ను పందిట్లో వేదిక ఎక్కించి మైకు ముందు కూర్చోబెట్టారు. పిసినారాయన పాట ఎత్తుకున్నాను. రెండు తీగలు, ఖాళీ. మూడు తీగలు, ఖాళీ. ముందు వరసలో పిల్లలు ఒకళ్ళనొకళ్ళు చూసుకున్నారు. "అరే దీదీ, గానా కబ్ శురూ హోగా?" అన్నాడొకడు, పాటెప్పుడు మొదలవుతుందని. పందిరంతా నవ్వింది. నాన్న లేచి నిలబడ్డాడు.

"పాటేదే? దిగిపో."

"ఇదే పాట," అన్నాను. ఎదురుగా మైకుంది, వీధంతా వింది. దిగలేదు. మళ్ళీ మొదటినుంచి ఎత్తుకున్నాను.

అప్పుడు ఆడవాళ్ళ మధ్యలోంచి మామ్మ లేచి, మోకాళ్ళు పట్టుకుంటూ వచ్చి నా పక్కన కూలబడింది. "నీది నువ్వు వాయించీ. నాది నాను పాడతాను. ఎవులు దింపుతారో సూత్తాను," అని తాళాలు తీసి రాముడి భజన అందుకుంది.

ఆమె శ్రుతి ఒక చోట, నాది ఒక చోట. మొదటి కార్డుకే పళ్ళు జివ్వుమన్నాయి. ఆమె మారుతుందా, మారదు. నేనే చేతిని ఒక మెట్టు పైకి జరిపాను, ఇంకో మెట్టు, అక్కడ కుదిరింది. తర్వాత పిసినారాయన ఏం చేస్తాడో అదే చేశాను, ఊరుకున్నాను. ఆమె గుక్క తిప్పుకున్నచోట రెండు తీగలు వేశాను. మామ్మ నా వంక ఓరగా చూసి, తర్వాతి గుక్క కాస్త ఎక్కువసేపు తిప్పుకుంది. నా కోసం. నా బాల్యంలో అంత సంతోషం ఇంకోసారి కలగలేదు.

"పాట మా అమ్మది. నువ్వేటి సేసావో నాకు తెల్దు," అన్నాడు నాన్న ఇంటికొస్తూ. గిటారు మాత్రం ఇంట్లోనే ఉండిపోయింది. ఆ వేసవిలోనే మావయ్య మంచి ఇయర్‌ఫోన్ తెచ్చి పెడితే, నా పిసినారాయన పక్కన శాక్సోఫోన్ మొదటిసారి వినబడింది. ఒళ్ళు మండిపోయింది. మామ్మ కూర్చున్న చోట కూర్చుని ఎవడో ఊదుతున్నాడు.

ఇప్పుడు ఆ ఇల్లు లేదు, అక్కడ నాలుగంతస్తుల ఫ్లాట్లు లేచాయి. కుంపట్లు పోయాయి, భజన ఆడవాళ్ళు ఒక్కొక్కరే పోయారు, మామ్మా పోయింది. నవమి పందిట్లో మనిషెత్తు స్పీకరు పెట్టెలు, వాటిలో ముందే రికార్డు చేసిన పాటలు. ఈసారి కమిటీ కుర్రాడు ఫోన్ చేసి వాయించమన్నాడు. "అచ్ఛా సా లీడ్ బజానా దీదీ, గానే కా ట్రాక్ హమ్ చలా దేంగే," అన్నాడు. బాణీ నన్ను వాయించమని, పాట రికార్డు వాళ్ళు వేస్తారని.

ట్రాక్ వద్దన్నాను. బాణీ నేను వాయించనన్నాను.

"ఫిర్ గాయేగా కౌన్?"

"ఎవరూ పాడరు," అన్నాను.

నవ్వేవాళ్ళు నవ్వుతారు, పాట ఎప్పుడు మొదలవుతుందని అడిగేవాళ్ళు అడుగుతారు, అడగనీ. మామ్మ పాడే జాగా వదిలేసి దాని చుట్టూ వాయిస్తాను. ఆ జాగాలో ఇంకేదీ మోగనివ్వను.